కల్లం మీద చీపురు

ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజు తలలు లెక్కపెట్టాను. పికిల్‌బాల్ ఆడటానికి పంతొమ్మిది మంది. మార్చిలో నలుగురం.

అప్పుడు వడ్రంగి యాదయ్యతో ప్లైవుడ్ కోయించి బ్యాట్లు చేయించుకుంటే మా ఆయన జగదీశ్ నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఏందే పద్మజా, గా చిల్లుల బంతిని చపాతి పీటతోని కొడ్తవా?" అన్నాడు. ఆయన నవ్వితే నాకు ఇంకా మొండితనం వస్తుంది. ఇప్పుడు అసలైన బ్యాట్లున్నాయి, వల ఉంది, రైతులు వడ్లు ఆరబోసే సొసైటీ సిమెంటు కల్లం మీద పసుపు రంగు గీతలున్నాయి. వలకు దగ్గరగా ఉండే గడిని కిచెన్ అంటారనీ, అందులో నిలబడి బంతిని గాల్లోనే కొట్టకూడదనీ చెబితే అంగన్‌వాడీ జములమ్మ, "ఇంట్ల సాలదా, ఈడ గూడ కిచెనేనా" అని బ్యాటు కింద పడేసింది. ఆమే ఇప్పుడు అందరికంటే ముందొస్తుంది.

సుప్రియ ఆడుతుంటే మాత్రం అందరం ఆగి చూస్తాం. సొసైటీ గోదాము వాచ్‌మన్ ఎల్లన్న కూతురు. నా దగ్గరే పదో తరగతి లెక్కలు చదివింది. ఇప్పుడు వనపర్తిలో డిగ్రీ చివరి సంవత్సరం. డబుల్స్‌లో నా జోడీ. నలభై ఆరేళ్లకు, థైరాయిడ్ మాత్రలు మింగుతూ, ఇరవై ఏళ్ల పిల్ల పక్కన నిలబడి గెలుస్తున్నాను. ఎవరికి చెప్పుకోను? ఇక్కడ రాసుకుంటున్నాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

బ్యాంకు వనజ ఈ రోజు అడిగింది. జూన్‌లో హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చింది, ఆమెకు అన్నీ వింతే. "మేడం, రోజూ ఊడ్చాక చీపురు తీసుకెళ్లి ఆ గోడకే ఎందుకు నిలబెడతారు? ఎక్కడో ఒక చోట పడేయొచ్చు కదా."

పడేయకూడదని చెప్పాను. ఈ కల్లం మీద పేర్లు రాసుకోవడం, చీటీలు వేసుకోవడం లేదు. తెల్లవారి ఎవరు ఊడ్చి చీపురును నడుమ అడ్డంగా పెడితే ఆ రోజు కల్లం వాళ్లది. వడ్లైనా, పల్లికాయైనా ఆరబోసుకుంటారు. చీపురు గోడకు నిలబడి ఉంటే ఖాళీ అని అర్థం. మా నాన్న కాలం నుంచీ ఇంతే. అడ్డంగా ఉన్న చీపురును ఎవరూ దాటరు, ఎవరూ ఎత్తరు. మేము ఊడుస్తాం, ఆడుకుంటాం, గోడకు నిలబెట్టి వస్తాం. మాది కాదు కదా.

"భలే ఉంది" అంది వనజ. నాకూ భలే అనిపించింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

గద్వాల పోయి వచ్చాం. ఐదు ఆటలు ఆడితే సుప్రియది ఒక్కటే గెలిచాం.

ఓడితే ఓడాం. వాళ్ల కెప్టెన్ చంద్రశేఖర్ అన్న మాటే మింగుడు పడట్లేదు. నీలం రంగు వేసిన కోర్టు, చుట్టూ జాలీ, లైట్లు. టీ ఇస్తూ, "మీరు వడ్ల కల్లం మీద ఆడ్తరంట గద మేడం?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను వెంటనే, "అక్టోబర్ ఇరవై ఆరు, మా ఊరికి రండి. మా కల్లం మీద ఆడి చూడండి" అన్నాను. జీపులో జములమ్మ గిల్లింది, "గప్పుడు కోతలు గద టీచరమ్మా" అని. ఒక్క పూటే కదా అన్నాను.

ఊరొచ్చాక సుప్రియ మెల్లగా చెప్పింది, నవంబర్ ఇరవై మూడున నాగర్‌కర్నూల్‌లో రాష్ట్ర జట్టుకు సెలక్షన్లు ఉన్నాయట. ఆ పిల్లను పంపించాలి. పంపించి తీరుతాను.

అక్టోబర్ 14, మంగళవారం

ఇరవై ఆరు మంది. ఇద్దరు కొత్తవాళ్లు పెబ్బేరు నుంచి బండి మీద వస్తున్నారు. పెబ్బేరు నుంచి! మా ఊరికి!

సొసైటీ చైర్మన్ రాఘవేందర్ సాయంత్రం బడి దగ్గర ఆపాడు. "టీచర్, ఆడుకోండ్రి, నాకేం లేదు. మిషన్ కోతలు షురువైనయ్. రైతు ముందట, ఆట ఎనుక. గంతే" అన్నాడు. నేను పిల్లల పరీక్ష పేపర్లు పట్టుకుని తల ఊపాను. నాకు తెలియదా? నేను రైతు బిడ్డను కానా?

అక్టోబర్ 25, శనివారం

రేపే. ఉప్మా రవ్వ, జీడిపప్పు తెచ్చాను. గీతల మీద కొత్త రంగు వేశాం. వనజ బ్యానరు రాయించింది. అందరూ తొమ్మిదింటికి వస్తారు. నేను ఆరుకే పోయి ఊడుస్తాను.

సాయమ్మ పొలం ఈ సాయంత్రం మిషన్ కోసిందని జములమ్మ చెప్పింది. మూడెకరాల కౌలు. పచ్చి వడ్లు, ఆరబోయాలి. రేపు ఆదివారం, ఆమె చర్చికి పోతుంది కదా. సోమవారం ఆరబోస్తుంది.

అక్టోబర్ 26, ఆదివారం

పొద్దున్నే ఊడ్చాను. చేతిలో సున్నం డబ్బా, తాళాల గుత్తి, ఫోను. చీపురు అక్కడే పెట్టి ఇంటికి వచ్చాను.

ఎనిమిదింటికి చంద్రశేఖర్ ఫోను. గద్వాలలో మబ్బు కమ్మిందట, దారిలో వాన పట్టుకుంటుందేమోనట, ఇంకోసారి వస్తారట. గంపెడు ఉప్మా చేసి కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది. కల్లం మీద ఆడటానికి ప్రాణం ఒప్పలేదు దొరలకు! జగదీశ్ "రెండు దినాలు ఉప్మానే తినాల్నా?" అంటే ప్లేటు విసిరినంత పనిచేశాను. మధ్యాహ్నం పడుకున్నాను.

సాయంత్రం ఐదింటికి వాన మొదలైంది.

అక్టోబర్ 27, సోమవారం

వాన.

అక్టోబర్ 28, మంగళవారం

వాన. బడికి సెలవిచ్చారు. సాయమ్మ వడ్లు బడి వెనక పల్లంలో ఉన్నాయట. పల్లంలో ఎందుకు పోసింది?

అక్టోబర్ 29, బుధవారం

వాన ఆగింది. బడికి పోతే వెనక వైపు జనం. చూడకుండా ఉండలేకపోయాను.

టార్పాలిన్ కింద వడ్లు. పైన కప్పారు, కింద నుంచి నీళ్లు పారాయి. సాయమ్మ పిడికిలి నిండా తీసి చూపిస్తోంది. తెల్లగా మొలకలొచ్చాయి. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కొనుగోలు కేంద్రం వాళ్లు ఒక్క గింజ తీసుకోరు.

ఎవరో అడిగారు, కల్లం మీద ఎందుకు పోయలేదని.

"పోయినగద! ఏడున్నరకు ట్రాలీ తోని పోయిన. చర్చి గూడ ఇడ్సిపెట్టి పోయిన. ఊడ్చి చీపురు అడ్డం పెట్టి ఉన్నది. ఎవ్వరిదని ఎల్లన్ననడిగిన. తెల్వదన్నడు. ట్రాలీవోడు వాన ముందట ఇంకో మూడు పొలాలకు పోవాలె, దించుతవా దించవా అని మీదికొచ్చిండు. ఏడ దించాలె? ఈడ దించిన. తీరా చూస్తే పొద్దుందాంక కల్లం మీద పురుగు గూడ లేదు! ఎవ్వరికి దాసిండ్రు కల్లం? ఎవ్వరికి?"

ఆమె నా వైపు చూడలేదు. నేను గంట కొట్టించి పిల్లల్ని లోపలికి పిలిచాను. తొమ్మిదో తరగతికి వర్గ సమీకరణాలు చెప్పాను. అవి పదో తరగతివి.

అక్టోబర్ 30, గురువారం

ఎల్లన్న మీద పడ్డారు. పెద్ద రైతు రాములు కోసం ఎల్లన్నే తెల్లారి ఊడ్చి చీపురు పెట్టి ఉంటాడని, మబ్బు చూసి రాములు వడ్లు తేలేదని. రాములు నాకేం తెల్వదంటున్నాడట. ఎవరూ నమ్మట్లేదు.

క్లబ్బు గ్రూపులో వనజ పెట్టింది: "మన మీద రాదు కదా మేడం?" నేను రాశాను: "మనం ఆ రోజు ఆడనే లేదు."

అది అబద్ధం కాదు. ఆడలేదు.

నవంబర్ 1, శనివారం

చేతులు నిండుగా ఉన్నాయని రాశాను పైన. ఇప్పుడు చదివితే సిగ్గేసింది. సున్నం డబ్బా అవతల గట్టు మీద పెట్టే ఊడ్చాను. ఫోను ఇంట్లో ఉంది. చేతిలో చీపురు ఒక్కటే ఉంది.

అడ్డంగా పెట్టాను. తెలిసే పెట్టాను. తొమ్మిది లోపల ఎవరైనా వస్తే గద్వాలవాళ్ల ముందు పరువు పోతుందని పెట్టాను. సాయమ్మ వస్తుందేమోనన్న ఆలోచన కూడా వచ్చింది. ఆమె చర్చి సంగతి ముందు రోజు రాత్రే గుర్తు చేసుకుని పెట్టుకున్నాను కదా, మందు మాత్రలా.

పోనీ అంతవరకు సరే. ఎనిమిదింటికి ఫోను వచ్చాక పోయి ఎత్తాల్సింది. ఐదు నిమిషాల నడక. కోపంతో ఉప్మా గిన్నె మీద మూత పెట్టి కూర్చున్నాను. నేను వెళ్లి ఉంటే ఆ ట్రాలీ ఇంకా వీధి చివర ఉండేదేమో.

జగదీశ్‌కు కూడా చెప్పలేదు.

నవంబర్ 2, ఆదివారం

ఆడటానికి పోయాం. పదకొండు మందే వచ్చారు. సుప్రియ రాలేదు.

ఎల్లన్న గోదాము మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అందరూ పోయాక పిలిచాడు. ఆ మనిషి నాతో ఎప్పుడూ నిలబడే మాట్లాడతాడు. ఈసారి లేవలేదు.

"నేను చూసిన మేడం. ఆ పొద్దు మీరు పెట్టంగ చూసిన."

మరి సాయమ్మ అడిగితే ఎందుకు చెప్పలేదన్నాను. అంత పని చేసి నేనే ఆయన్ను నిలదీశాను, ఆ తీరు చూడు!

"గద్వాలోళ్లు వస్తున్నరు, నా బిడ్డ ఆడ్తదనుకున్న. మీరు పెట్టిండ్రని చెప్తే సాయమ్మ సీదా మీ ఇంటికొచ్చి అడిగేది. మీరు ఇచ్చెటోళ్లు. ఆట ఆగిపోయేది. గందుకే తెల్వదన్న. నా నోటి తప్పు గూడ ఉన్నది మేడం."

మీరు ఇచ్చెటోళ్లు. ఇచ్చేదాన్నా? ఆ ఉదయం, ఆ బ్యానరు కట్టుకుని, ఇచ్చేదాన్నా?

"గురువారం మీటింగ్ ఉన్నది. నన్ను తీసేస్తరంట. తీస్తే తియ్యనియ్. మీరేం చెప్పకుండ్రి. మీ పేరు బయటికొస్తే కల్లం బంద్ జేస్తరు. ఇరవై మూడు దాంక పోరి ఆడాలె. ఒక్కటే ఒక్కటి అడుగుతున్న, ఇరవై మూడు దాంక."

సరేనన్నాను. దేవుడా, సరేనన్నాను.

నవంబర్ 3, సోమవారం

ఆయనే వద్దన్నాడు కదా. ఆయన మాట కాదని చెబితే అది నా గొప్ప కోసం చెప్పినట్టు అవుతుంది. పిల్ల భవిష్యత్తు.

నవంబర్ 4, మంగళవారం

ఎల్లన్నది పదకొండేళ్ల నౌకరీ.

నవంబర్ 5, బుధవారం

సుప్రియను బస్టాండ్‌లో పట్టుకున్నాను. ప్రాక్టీసుకు ఎందుకు రావట్లేదన్నాను.

సాయమ్మ వాళ్లది, ఎల్లన్న వాళ్లది గోడకు గోడ. వరసకు ఎల్లన్నకు చెల్లెలు అవుతుంది. తల్లి పోయాక ఈ పిల్ల సాయమ్మ చేతి అన్నం తిని పెరిగింది. నాకు అన్నీ తెలుసు, తెలిసీ అడిగాను.

"అత్త మా దిక్కు చూస్తలేదు మేడం. గిన్నె ఇయ్యబోతే తలుపు ఏసుకున్నది. మా నాయిన కల్లం అమ్ముకున్నడని అంటున్నరు ఊర్ల. మా నాయిన గట్ల చేసెటోడు కాదు. మీకు ఎరికే గద? మీరు జర చెప్పుండ్రి మేడం, మీరు చెప్తే ఇంటరు."

బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. రెండో చేతిలో నేను కొనిచ్చిన బ్యాటు లేదు, పుస్తకాలే ఉన్నాయి.

ఎల్లన్నకు నేను చేస్తున్న మేలు ఇది. పిల్లకు ఆట మిగిలిస్తున్నానని ఇంటిని లాగేస్తున్నాను. ఛీ.

నవంబర్ 6, గురువారం

చెప్పేశాను.

వరసగా రాస్తాను, లేకపోతే రేపు ఇంకో రకంగా గుర్తు చేసుకుంటాను.

నాలుగింటికి సొసైటీ ఆఫీసు ముందు షామియానా. ముప్పై నలభై మంది. సాయమ్మ ముందు వరసలో కింద కూర్చుంది. కుర్చీ ఇస్తే వద్దంది. రాఘవేందర్ ఎల్లన్నను లేపాడు.

"చీపురు నువ్వే పెట్టినవా?"

"నేనే పెట్టిన సార్. ఊడ్చి అలవాటుకొద్ది పెట్టిన."

"ఎవ్వరి కోసం?"

"ఎవ్వరి కోసం కాదు."

వెనక నుంచి ఎవరో అరిచారు, ఎంత తిన్నవ్ అని. ఎల్లన్న తల వంచుకున్నాడు. గోదాము తలుపు దగ్గర సుప్రియ నిలబడి ఉంది. తండ్రి "నేనే" అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూశాను. నమ్మేసింది. ఆ క్షణం వరకు నేను మాట్లాడతానో లేదో నాకే తెలియదు. అది చూశాక కూర్చోవడం నా వల్ల కాలేదు.

లేచాను. "ఆయన కాదు. చీపురు నేను పెట్టాను" అన్నాను. మొత్తం చెప్పాను. గద్వాల వాళ్ల సంగతి, ఫోను, ఎత్తడానికి పోకపోవడం. ఎల్లన్న నన్ను చూశాడని, చెప్పొద్దన్నాడని కూడా చెప్పాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపబోయాడు, ఆగలేదు.

అందరూ సాయమ్మ వైపు తిరిగారు.

సాయమ్మ కూర్చున్న చోటి నుంచే అడిగింది. "నీకు ఎరికే గద టీచరమ్మా. మీ నాయిన గూడ ఈ కల్లం మీదనే పోసిండు గద."

"ఎరుకే" అన్నాను.

"మల్ల ఎట్ల పెట్టినవ్?"

సాయమ్మ లేచి కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. రాఘవేందర్ నా వైపు చూడకుండానే, "ఎల్లన్న ఉంటడు. ఆట బంద్" అన్నాడు. రెండు మాటల్లో అయిపోయింది.

నవంబర్ 8, శనివారం

వనజ గ్రూపులోంచి వెళ్లిపోయింది. పోయేముందు ఫోను చేసి, "ఇరవై ఆరు మంది కష్టం మేడం, ఎల్లన్నే ఒప్పుకున్నాడు కదా, మీరు ఎందుకు లేచారు?" అంది. పెబ్బేరు వాళ్లు అక్కడే ఒక హాలు చూసుకుంటున్నారట. జములమ్మ మాత్రం ఇంటికొచ్చి వల, బంతులు అప్పగించి, "మంచిగ చెప్పినవ్. జర ముందే చెప్పాల్సి ఉండె" అంది. టీ తాగకుండా పోయింది.

జగదీశ్ రెండు రోజులుగా నన్ను నవ్వించే ప్రయత్నం చేయట్లేదు. నిన్న నా తరఫున సాయమ్మ ఇంటికి రెండు బస్తాల విత్తన వడ్లు తీసుకుపోయాడు. ఆమె బండి మీద నుంచి దించనివ్వలేదు.

నవంబర్ 12, బుధవారం

సుప్రియ బడి గోడకు బంతి కొట్టుకుంటోంది, ఒక్కతే. నన్ను చూసి ఆగలేదు. నమస్తే మేడం అంది, కొడుతూనే. ఆ గోడకు కొట్టి సెలక్షన్లు గెలుస్తారా ఎవరైనా?

సాయమ్మ వడ్లు కోళ్ల దాణాకు పోయాయట.

నవంబర్ 17, సోమవారం

పొద్దున ఆరింటికి నడకకు పోయాను. కాళ్లు అలవాటుగా కల్లం వైపే పోయాయి. ఊడ్చి ఉంది. నడుమ, సరిగ్గా వల కట్టే చోట, చీపురు అడ్డంగా ఉంది. ఎవరివో వడ్లు వస్తాయనుకున్నాను. వెనక్కి తిరిగాను. వీధి చివర హోటల్ దాకా వచ్చేశాను.

ఎల్లన్న ఫోను. "ఏంది మేడం, చూసి మల్లిపోతివి?"

"ఎవరో పెట్టారు కదా" అన్నాను.

"సాయమ్మ పెట్టింది. జల్ది రాండ్రి. వలగూడ తెండ్రి."

నాకు అర్థం కాలేదు. ఇంటికి ఉరికి వల, బ్యాట్లు పట్టుకుని పోయాను. సాయమ్మ గోదాము మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన సుప్రియ, చేతిలో బ్యాటు. ట్రాలీ లేదు, వడ్లు లేవు. సాయమ్మకు ఆరబోయడానికి ఈ ఏడు ఇంక గింజ లేదు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు.

నేను ఏదో అనబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది.

"నీ కోసం గాదు. పోరి కోసం. ఇయ్యాల కల్లం నాది, ఊడ్చిన. పదింటికి రాములు వడ్లు తెస్తడు. గప్పటి దాంక ఆడుండ్రి. ఇరవై మూడు దాంక పొద్దుగాల నేనే ఊడుస్త. చైర్మన్‌తోని మాట్లాడిన."

వల కట్టాం. సుప్రియ మొదటి బంతి కొట్టింది, నాకు అందలేదు. రెండోది అందలేదు. పది రోజుల కోపమంతా బంతి మీద చూపించింది, నేను తిరిగి కొట్టలేక కొట్టలేక కొట్టాను. పదకొండుకు రెండు, పదకొండుకు మూడు, పదకొండుకు ఒకటి. సాయమ్మకు ఆట ఏమీ తెలియదు, అయినా నా బంతి వలకు తగిలిన ప్రతిసారీ "మంచిగైంది" అంది. బడికి ఆలస్యమవుతుందని ఎనిమిదిన్నరకు ఆపాం.

వల మడిచి పోబోతుంటే సాయమ్మ పిలిచింది. వల కట్టేటప్పుడు సుప్రియ పక్కకు జరిపిన చీపురును తెచ్చి మళ్లీ కల్లం నడుమ అడ్డంగా పెట్టింది.

"ఎత్తు టీచరమ్మా."

నేను ఎల్లన్న వైపు చూశాను.

"ఆ దినం ఎత్తలే గద. ఇయ్యాల ఎత్తు."

వంగి ఎత్తాను. ఎల్లన్న, సుప్రియ చూస్తున్నారు. గోడ దాకా పదిహేను అడుగులు ఉంటుందేమో, నడిచి వెళ్లి నిలబెట్టాను. జారి పక్కకు పడబోతే పట్టుకుని మళ్లీ సరిగ్గా నిలబెట్టాను. తిరిగి చూసేసరికి సాయమ్మ సుప్రియ భుజం మీద చెయ్యి వేసి ఇంటి దారి పట్టింది. రేపు ఆరింటికి పోవాలి.